పదమూడు మంది, ఒక తూఫాన్, కృష్ణ ఒడ్డు ఎండ

మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. పొద్దున పూట కాసేపు ఎండలో కూర్చోమని డాక్టర్ చెప్పి రెండేళ్లయింది. నల్లగొండలో మేముండేది రెండో అంతస్తు. ఎదురుగా నాలుగంతస్తుల ఇల్లు లేచినప్పటి నుంచి మా బాల్కనీలోకి ఎండ రావడం మానేసింది. చలికాలం ఆమె కర్ర పట్టుకుని మెట్లు దిగి, సందు చివరి కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుని వస్తుంది. "ఎండ గూడ బాకీ తెచ్చుకున్నట్టే అయ్యింది బిడ్డా" అంటుంది.

అందుకే సంక్రాంతికి అందరం కూడినప్పుడు ఎటైనా పోదామన్న మాట వస్తే, అత్తమ్మ పెట్టిన షరతు ఒకటే: ఎండ ఉండాలి. పిల్లలది: నీళ్లుండాలి. మా ఆయనది: యాభై వేలు దాటొద్దు.

మేం పదమూడు మందిమి. మామయ్య, అత్తమ్మ, బావ, అక్క, వాళ్ల ముగ్గురు పిల్లలు, మా వదిన, ఆమె కొడుకు, మేమిద్దరం, మా ఇద్దరు. డిగ్రీ చదువుతున్న బావ కొడుకు ఫోన్ తీసి గోవా అన్నాడు. తలకు పద్నాలుగు వేలు, రైలు వేరే. బావ నోట్లో సకినం అలాగే ఆగిపోయింది. పదమూడు పద్నాలుగులు అని లెక్క కట్టి, "లక్షా ఎనభై రెండు వేలు" అన్నాడు మెల్లగా. విశాఖ చూశాం. ఎక్కడ చూసినా కుటుంబమంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. పదమూడు అని కొడితే ఐదు గదులు చూపిస్తుంది, అవీ రెండు అంతస్తుల్లో. అత్తమ్మ ఒక అంతస్తులో, ఆమె మాత్రలు ఇంకో అంతస్తులో.

అప్పుడు ఇంటర్ చదివే పిల్ల ఒక రీల్ చూపించింది. నీలం నీళ్లు, మధ్యలో పచ్చని దిబ్బలు, కింద "మినీ మాల్దీవులు" అని. మామయ్య కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఇది కొల్లాపూర్ పక్కన సోమశిల గదనే. మాల్దీవులంటరేంది?" అన్నాడు. అంతే, అక్కడ తేలిపోయింది.

వదిన ఆర్టీసీ బస్సుల్లో పోదామంది. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, మాలో ఏడుగురం ఆడవాళ్లం, ఆరుగురికి కొంటే చాలు. లెక్క బాగానే ఉంది గాని, రోజుకు మూడు బస్సులు మారడం అత్తమ్మ మోకాళ్ల వల్ల కాదు. చివరికి తూఫాన్ జీపు మాట్లాడాం. రోజుకు 3,500, డ్రైవర్ బత్తా 500, డీజిల్ మాది. టెంపో ట్రావెలర్ వాళ్లు ఇంచుమించు రెట్టింపు చెప్పారు. తూఫాన్‌లో ఏసీ ఉండదు, వెనక ఎదురెదురు బెంచీల మీద మోకాళ్లు మోకాళ్లు తగులుతాయి. జనవరిలో ఏసీ ఎవరికి కావాలి?

"కనుమ నాడు కాకి గూడ కదలదు" అని అత్తమ్మ పట్టుబట్టింది. మర్నాడు కదిలాం.

జనవరి 16: పానగల్లు, సాగర్

బండిలో మనుషుల కంటే ముందు డబ్బాలెక్కాయి. సకినాలు రెండు డబ్బాలు, అరిసెలు, మురుకులు, పెద్ద గంజు, చిన్న సిలిండర్ పొయ్యి, ఇరవై లీటర్ల వాటర్ క్యాన్. ఆ క్యాన్ అక్క ఆలోచన. లీటరు సీసా ఇరవై అయితే పదమూడు మందికి ఒక్క దాహానికి 260. క్యాన్ నింపితే కూడా ఇరవయ్యే. ఐదు రోజులూ ఊరూరా నింపుకుంటూ పోయాం.

మొదట పానగల్లు. మా ఇంటి నుంచి పట్టుమని పది నిమిషాల దారి, అయినా నేను పోయి ఆరేళ్లయింది. కుందూరు చోళుల కాలం నాటి ఛాయా సోమేశ్వరుడి గుడి. ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు. ఒకదాంట్లో లింగం దగ్గర నీడ ఒకటి పొద్దంతా నిలిచే ఉంటుంది, పొద్దు కదిలినా అది కదలదు. స్తంభం నీడలాగే ఉంటుంది గాని, ఆ నీడకు ఎదురుగా స్తంభం కనపడదు. మండపం స్తంభాల సందుల్లోంచి వచ్చే వెలుగు కలగలిసి ఏర్పడేదని పిల్లలకు చెప్పబోయాను. వాళ్లు వినకుండా ఒక్కొక్కరు ఒక్కో స్తంభం దగ్గర నిలబడి చేతులూపుతూ ఎవరి నీడ లోపల పడుతుందో చూసుకుంటున్నారు. అత్తమ్మ దండం పెట్టుకుని బయటికొచ్చి, "ఎండకని బయలెల్లదీసి మొట్టమొదలే నీడ సూపిస్తిరి" అంది.

ఉదయ సముద్రం కట్ట మీద కూర్చుని పులిహోర తిన్నాం. ఇంటి నుంచి తెచ్చింది కాబట్టి ఆ పూట ఖర్చు సున్నా. మా ఆయన నోటుబుక్కులో సున్నా కూడా రాశాడు.

సాగర్‌లో పైలాన్ దగ్గర బండి ఆపించింది మామయ్య. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసింది ఇక్కడే అని పిల్లలకు తెలుసు, పాఠంలో ఉంది. తెలియనిది, వాళ్ల ముత్తాత ఈ డ్యాంకు రాయి మోశాడని. మామయ్యకు అప్పుడు ఆరేడేళ్లు. తడకల గుడిసెలు, జొన్న గట్క, పాలమూరు నుంచి గుంపులు గుంపులుగా దిగిన కూలీలు, రాత్రి కూడా ఆగని రాళ్ల చప్పుడు. 1967 దాకా సాగిన పని. "ఇంత కట్ట ఇనుముతో గాదు బిడ్డా, మొత్తం రాయే. తలకాయల మీద మోసిందే" అన్నాడు. మా చిన్నోడు గేట్లు లెక్కపెట్టాడు, ఇరవై ఆరు. అన్నీ మూసే ఉన్నాయి. "నీళ్లు దుంకుతలేవు గదా తాతా" అని మొహం వేలాడేశాడు. గేట్లెత్తేది వానాకాలం, పై నుంచి వరద వచ్చినప్పుడు. చలికాలం పోయినవాళ్లకు దొరికేది నిండుగా, ఊరికే పడుకుని ఉన్న నీళ్లు.

బుద్ధవనం పోయాం. 2022లో తెరిచారు, 274 ఎకరాలు. చూడదగ్గదే గాని మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లతో 274 ఎకరాలంటే ఏమిటో అక్కడికి పోయాక అర్థమైంది. అత్తమ్మ, నేను మహాస్తూపం ముందు మెట్ల మీద ఎండలో కూర్చున్నాం. మిగతావాళ్లు తిరిగొచ్చేసరికి ఆమె పక్కన కూర్చున్న గుంటూరు పెద్దావిడతో కూతుళ్ల కాన్పుల దాకా మాట్లాడేసింది.

బస దగ్గర దెబ్బ తిన్నాం. ఒక లాడ్జిలో పెద్ద హాలు 2,400 అన్నారు, పరుపులు వేసిస్తామన్నారు. సామాను దించాక తలలు లెక్కపెట్టి, "హాలు పది మందికే, మిగతా ముగ్గురికి తలా 400" అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. చిన్నపిల్లలు కదా అంటే, పిల్లలు పరుపు మీద పడుకోరా అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. 3,600 కట్టాం. పొద్దున వేడి నీళ్లు రెండు బకెట్లే వచ్చాయి.

రాత్రి చేపల పులుసు ప్లేటు 150, మూడు ముక్కలు. పదమూడు ప్లేట్లు చెప్పబోతున్న బావను అక్క ఆపింది. "ప్లేటు లెక్క అడుగకు, కిలో లెక్క అడుగు" అంది. హోటలామె ఒక క్షణం చూసి, నవ్వి, కిలోకింత అని చెప్పింది. రెండున్నర కిలోల పులుసు గిన్నెతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది. ప్లేట్ల కన్నా ఏడు వందలు తక్కువ, ముక్కలు ఎక్కువ. ఆ తర్వాత నాలుగు రోజులూ మా ఇంటి మంత్రం అదే.

జనవరి 17: తండా, సింగోటం

రెండు బకెట్లు అత్తమ్మకూ మామయ్యకూ ఇచ్చి, మేమంతా తువ్వాళ్లు భుజాన వేసుకుని పుష్కర ఘాట్‌కు పోయాం. తొమ్మిదింటికి నీళ్లు కాలు పెట్టనివ్వలేదు. పదింటికి మెట్లు వేడెక్కాయి. ఒకసారి మునగడం, వచ్చి వేడి రాతి మీద బోర్లా పడుకోవడం, మళ్లీ మునగడం. గోవాలో కూడా ఇంతే చేస్తారని బావ కొడుకు అన్నాడు. లాడ్జి గీజరు పనిచేసుంటే మేమక్కడికి పోయేవాళ్లమే కాదు.

దేవరకొండ ఖిల్లాను కింద నుంచే చూశాం. రేచర్ల పద్మనాయకుల కోట, ఎక్కి దిగడానికి ఒక పూట కావాలి. పెద్దోడు మాత్రం కొంత ఎక్కి ఫోటో తీసుకొచ్చాడు.

అక్కడి నుంచి ఫోన్ చెప్పిన దగ్గరి దారి పట్టాం. డ్రైవర్ తమ్ముడు "అన్నా, డిండి రోడ్డు ఇది గాదేమో" అన్నా మా ఆయన ఫోన్‌నే నమ్మాడు. తారు రోడ్డు సిమెంటు రోడ్డయింది, సిమెంటు రోడ్డు మట్టి దారయింది, మట్టి దారి కంది చేనులో కలిసిపోయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. బండి వెనక్కి తిప్పుకోవడానికి ఒక తండాలోకి పోతే, కోళ్లు, మేకలు, ఇరవై మంది పిల్లలు చుట్టూ చేరారు.

ఒక ముసలామె, చేతుల నిండా పాత దంతం గాజులు, ఇంటి ముందు పొయ్యి మీద పల్లికాయ ఉడకబెడుతోంది. మాతో మొదట లంబాడీలో ఏదో అంది, తర్వాత తెలుగులో "ముసలమ్మను దించున్రి, కాళ్లు గుంజుతయి" అంది. దిగింది అత్తమ్మ ఒక్కతే అయితే పది నిమిషాలు పట్టేది. దిగింది పదమూడు మంది, గంట పట్టింది. గంపెడు పల్లికాయ మా ముందు పోసింది, ఉప్పు సరిగ్గా పట్టి, పొట్టు నోట్లో పెట్టుకున్నా రుచిగా ఉంది. మా ఆయన రెండు వందలు తీసి ఇవ్వబోతే ఆమె మొహం మారిపోయింది. అత్తమ్మ ఆ చెయ్యి పక్కకు తోసి, బండిలోంచి సకినాల డబ్బా తెప్పించి ఆమె కొంగులో పోసింది. ఆమె ఒకటి విరిచి, నువ్వుల వాసన చూసి, "నూనె మంచిగున్నది" అంది. వచ్చేటప్పుడు ఆమె మనవడు సైకిల్ మీద ముందు పోతూ పెద్ద రోడ్డు దాకా దారి చూపించాడు. వాడు మాత్రం మా ఆయన ఇచ్చిన ఇరవై తీసుకున్నాడు, నాయనమ్మకు చెప్పొద్దన్నాడు.

డిండి, అచ్చంపేట, తెలకపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ దాకా ఒకటే దృశ్యం: రోడ్డు మీద సగం మేర పరిచిన కంది. బండ్ల చక్రాలు తొక్కితే గింజ రాలుతుందని రైతులు అలా వేస్తారు. డ్రైవర్ మొదట తప్పించుకుని పోతుంటే, ఒక రైతు కట్టె ఊపి, "దాని మీది నుంచే పో అన్నా" అని అరిచాడు. అప్పటి నుంచి పిల్లలు కంది కనపడితే చాలు, "అన్నా, తొక్కు తొక్కు" అని కేకలు.

సింగోటం చేరేసరికి సాయంత్రం. సంక్రాంతికి మొదలయ్యే లక్ష్మీనరసింహస్వామి జాతర నడుస్తోంది. ఇక్కడ స్వామి లింగం రూపంలో ఉంటాడు, అడ్డ నామం, నిలువు నామం రెండూ పెడతారు. మామయ్య వీరశైవుల ఇంట పెరిగినవాడు, అత్తమ్మ పుట్టింటివాళ్లు నరసింహస్వామి భక్తులు. యాభై ఏళ్ల కాపురంలో ఒక్క గుళ్లో ఇద్దరూ సమానంగా సంతోషపడ్డది ఇక్కడేనని వదిన నవ్వింది.

జాతరంటే పెద్ద కుటుంబానికి గండమే. ఆరుగురు పిల్లలు, జెయింట్ వీల్ తలకు 60, ఒకరు ఎక్కితే అందరూ ఎక్కాలి, ఒకరికి బుడగ కొంటే అందరికీ కొనాలి. అక్క మనిషికి 150 చేతిలో పెట్టి "ఇదే, ఇగ అడగొద్దు" అంది. ఒక్కోడి సంగతి అక్కడ బయటపడింది. మా చిన్నోడు పది నిమిషాల్లో ఊదేశాడు. వదిన కొడుకు 150తో ప్లాస్టిక్ గన్ను కొని, దాంతో మిగతావాళ్లను తలకు ఐదు రూపాయలు తీసుకుని ఆడుకోనిచ్చాడు. బావ వాణ్ని మెచ్చుకోవాలో తిట్టాలో తెలియక చూస్తూ ఉండిపోయాడు.

కొల్లాపూర్‌లో బస నాతో పనిచేసే టీచరమ్మ వాళ్ల పాత ఇల్లు. ఖాళీగా ఉంది, పెద్ద హాలు, ముందు వాకిలి, వాకిట్లో వేప చెట్టు. కిరాయి వద్దంది, ఊరుకుంటే బాగుండదని శుభ్రం చేయించిన ఆమెకు రెండు రాత్రులకు 2,000 ఇచ్చాం. హాల్లో వరసగా చాపలు, దుప్పట్లు. ఆ వరసలో ఎవరు ఎవరి పక్కన అన్న పంచాయితీ రాత్రి పదకొండు దాకా నడిచింది.

జనవరి 18: సోమశిల

ఈ రోజు మేమేమీ చేయలేదు. ఈ యాత్రలో నాకు గుర్తుండిపోయేది ఈ రోజే.

పొద్దున ఎనిమిదింటికే సోమశిల చేరాం, కొల్లాపూర్ నుంచి ఎంతో దూరం లేదు. నీళ్ల మీద పొగమంచు ఇంకా లేవలేదు. శ్రీశైలం డ్యాం కట్టాక వెనక నిలిచిన నీళ్లివి. పాత ఊళ్లు, గుళ్లు కింద ఉండిపోయాయి, కొన్ని గుళ్లను మాత్రం రాళ్లు విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. పన్నెండు జ్యోతిర్లింగాల పేరుతో ఉన్న గుళ్లను అత్తమ్మ కర్ర ఊతంతో ఒక్కొక్కటీ తిరిగింది. నేను మూడింటి దగ్గరే ఆగిపోయాను.

మాల్దీవులు చూసినవాళ్లు వచ్చి చూస్తే నవ్వుతారేమో. తెల్ల ఇసుక లేదు, ఒడ్డున రేగడి బురద, అక్కడక్కడా బిస్కెట్ కవర్లు. కానీ మంచు తేలిపోయాక కొండల మధ్య ఆ నీళ్లు నిజంగానే నీలంగా అయ్యాయి. మెట్ల పక్క బండ మీద దుప్పటి పరిచి అత్తమ్మను కూర్చోబెట్టాం. తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా అక్కడి నుంచి లేవలేదు. చీర మోకాళ్ల దాకా జరుపుకుని, నువ్వుల నూనె రాసుకుని, కళ్లు మూసుకుని. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి, "పైసల్లేకుంట దొరికేది గిదొక్కటే, దీనికి గూడ ఊరు దాటి రావలసొచ్చె" అంది.

పడవవాడు గంటకు రెండు వేలన్నాడు. వదిన ఒడ్డునే కూర్చుని అతనితో సంసార విషయాలు మొదలుపెట్టింది. అతని తాతలు కోస్తా నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది కొల్లాపూర్‌లో ఇంటర్. కాసేపటికి 1,400 అయింది. బేరంలో మా వదిన ఎప్పుడూ రూపాయి మాట ఎత్తదు, అవతలివాళ్లే తగ్గిస్తారు.

లైఫ్ జాకెట్లు తొమ్మిదే ఉన్నాయి. మేం రెండుసార్లుగా పోతామన్నాం. అందరూ ఒకేసారి ఎక్కొచ్చు, ఏం కాదన్నాడు. మామయ్య ఒప్పుకోలేదు. 2007 జనవరిలో ఈ కొల్లాపూర్ దగ్గరి నీళ్లలోనే పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు, ఆ వార్త చదివిన రోజు ఆయనకు గుర్తుంది. పడవవాడు ఆ మాట విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పక్క పడవకు పోయి ఇంకో నాలుగు జాకెట్లు తెచ్చాడు.

మధ్యలోకి పోయాక ఇంజన్ ఆపాడు. చప్పుడు లేదు. అవతల ఆంధ్ర వైపు చేయి చూపించి, ఆ మూలన నీళ్ల కింద సంగమేశ్వరుడి గుడి ఉందన్నాడు. ఏడాదిలో సగానికి పైగా మునిగే ఉంటుంది, ఎండాకాలం దగ్గర పడి నీళ్లు తగ్గాకే శిఖరం కనిపిస్తుంది. ఏడు నదులు కలిసే చోటట, పేర్లు చెప్పమని మా పిల్ల అడిగింది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాసి అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చదువుకోలేదన్నాడు అంతకు ముందే.

మధ్యాహ్నం ఒడ్డున చేపలు వేయించే ఆమె దగ్గర బొచ్చ మూడు కిలోలు. కోసి, కారం పట్టించి, కట్టెల పొయ్యి మీద వేయించి ఇవ్వడానికి కిలో 350. మొదటి ముక్క అత్తమ్మకు ఇచ్చి, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే దాకా రెండో వాయి వేయలేదు. అక్క మా పొయ్యి మీద అన్నం వండింది, నేను పచ్చిపులుసు కలిపాను. చింతపండు, ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిర్చి, పొయ్యి మీద మరగబెట్టక్కర్లేని పులుసు. వేయించిన చేప, వేడన్నం, చల్లని పచ్చిపులుసు. పొయ్యి దగ్గరున్న ఆమెకు కూడా ఒక గిన్నె ఇచ్చాం. ఆమె తాగి, "మాకాడ గిట్ల చెయ్యరమ్మా, మేం బెల్లమేస్తం" అంది. బెల్లం మీద అక్కకూ ఆమెకూ పావుగంట చర్చ.

జనవరి 19: అలంపూర్, గద్వాల

పెబ్బేరు దగ్గర పెద్ద రోడ్డెక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి అలంపూర్ పోయాం. జోగులాంబ దర్శనానికి క్యూ పొడవు, ఎండ నెత్తికెక్కింది. ఈసారి ఎండను తిట్టింది అత్తమ్మే. నవబ్రహ్మ ఆలయాలు నాకు నచ్చాయి. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టినవి. పేరు బ్రహ్మలే గాని లోపల అన్నీ శివలింగాలే. వాటిలో ఒకటి అర్క బ్రహ్మ, అంటే సూర్యుడి పేరు. అత్తమ్మకు చెబితే, "మొత్తం మీద దొరికిండు" అంది. 2009 అక్టోబర్ వరదలో ఈ ఊరు మునిగినప్పుడు నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో కొబ్బరికాయల కొట్టతను గోడ మీద చేయి పెట్టి చూపించాడు. అతని తలకన్నా పైకి.

గద్వాలలో నాలుగు గదులు, గదికి వెయ్యి. అందరూ విడిపోయిన రాత్రి ఇదొక్కటే, పిల్లలు అర్ధరాత్రి దాకా గదులు మారుతూనే ఉన్నారు.

అంతకు ముందు సాయంత్రం ఒక నేతన్న ఇంటికి పోయాం. చూసి వద్దామనే. గుంట మగ్గం మీద సగం చీర. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగు, పట్టు పోగు ఒకదానికొకటి మెలిపడేలా నేస్తారు, దాన్నే కుట్టు అంటారు, సూదితో పని లేదు. పదమూడు మందిమి ఇంట్లోకి చొరబడితే ఆయన భార్య ఒక్క మాట అనకుండా పదమూడు చాయ్‌లు పెట్టింది, గ్లాసులు పక్కింటి నుంచి తెచ్చి. చాయ్ తాగాక ఊరికే ఎట్లా లేస్తాం? అత్తమ్మ పసుపు రంగుకు మెరూన్ అంచున్న చీర ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. 5,200 అన్నది 4,800కు ఇచ్చారు. మా ఆయన నోటుబుక్కు జేబులోంచి తీయలేదు.

జనవరి 20: జూరాల, పిల్లలమర్రి, ఇల్లు

జూరాల ప్రాజెక్టు దగ్గర వరసగా చేపల కొట్లు. ఎక్కడ కూర్చున్నా పక్క కొట్టామె "ఇటు రా అన్నా, నిన్నటి నూనె గాదు" అని పిలుస్తూనే ఉంటుంది. అక్క ప్రతి కొట్టులో మూకుడులోకి తొంగి చూసి, నాలుగో దాంట్లో కూర్చోమంది. రవ్వ, జెల్ల కలిపి నాలుగు కిలోలు, కిలో 400, జొన్న రొట్టె 20. మొన్న సోమశిలలో తిన్నదే నయమని నేనంటే, ఇదే నయమని బావ. వదిన కొడుకు గొంతులో ముల్లు గుచ్చుకుంది. ఐదు నిమిషాలు అందరికీ టెన్షన్. అన్నం ముద్ద మింగించమని కొట్టామె, అరటిపండు అని మామయ్య. వాడు రెండూ మింగాడు, ముల్లు దేనితో దిగిందో తెలియదు.

పాలమూరు పిల్లలమర్రి దగ్గర ఎక్కువ సేపు ఉండలేదు. దాదాపు మూడెకరాలు పరుచుకున్న మర్రి, ఏడెనిమిది వందల ఏళ్లదంటారు. చెదలు పట్టి కొమ్మలు విరిగితే 2018లో మనుషులకు పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు. కంచె బయట నిలబడి చూశాం. మామయ్య చిన్నప్పుడు ఈ ఊడలు పట్టుకుని ఊగానన్నాడు. పిల్లలు ఊడలకేసి చూశారు, కంచెకేసి చూశారు, ఐస్‌క్రీమ్ అడిగారు.

జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా చీకట్లో ఇల్లు చేరాం. మెట్ల దగ్గర సామాను దించుతుంటే అత్తమ్మ కర్ర కనపడలేదు. జూరాల దగ్గర మర్చిపోయిందో, పిల్లలమర్రి దగ్గరో. కొత్తది 180.

మర్నాడు లెక్క చూశాం. తూఫాన్, బత్తా, డీజిల్ కలిపి 26,100. బసలు 9,600. తిండి 12,900. పడవ, టికెట్లు, పార్కింగులు 2,300. జాతర 1,250. మొత్తం 52,150, తలకు నాలుగు వేలకు కాస్త పైన. రెండు వేలు దాటిందని మా ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, సాగర్ లాడ్జి 1,200 అనవసరంగా పోయిందని. అక్క నోటుబుక్కు రెండుసార్లు తిరగేసి, "చీర రాయలేదేంది మరిదీ?" అంది.

కొట్టు అరుగు మీద కూర్చోవడానికి కొత్త కర్రతో మెట్లు దిగుతున్న అత్తమ్మ వెనక్కి తిరగకుండానే, "అది లెక్కల రాయొద్దు. నా పింఛన్‌ది" అంది.